పొగ వద్దన్నారు, ఆకు వద్దన్నారా?

ఆ రోజు మా ఆయన మునెప్ప సంగటి ముద్దను చెనక్కాయల ఊరుబిండి పచ్చడిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం ఉమ్మేసి పళ్లెం వాకిట్లోకి విసిరేశాడు.

"ఏమ్మే, నిప్పులు నూరినావా దీంట్లో?"

అంతకుముందు రెండేళ్లూ ఆయన మాట దీనికి తలకిందులు. ఏది వండినా చప్పగా ఉండాదనేవాడు. ఎంత ఉప్పు వేసినా, ఎన్ని మిరపకాయలు నూరినా చాలేది కాదు. చుట్ట సంగతీ అంతే. పెళ్లయిన కొత్తలో మా పుంగనూరు అంగట్లో దొరికే సన్న చుట్టలు రోజుకు రెండు తాగేవాడు. కొన్నాళ్లకు అవి గడ్డిలా ఉన్నాయని, పశువుల బేరానికి కుప్పం సంతకు పోయినప్పుడల్లా బొటనవేలంత లావు నల్లచుట్టలు కట్టలుగా తెచ్చుకున్నాడు. చివరికి అవీ ఘాటు లేవన్నాడు. మా అత్త మాత్రం "కోడలి సెయ్యి సెడిపోయింది" అని వీధంతా చెప్పుకొచ్చింది. చుట్టలకు ఆయన నాలుకే మొద్దుబారిందని తెలియక, నేనూ నమ్మి నా చేతినే తిట్టుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పళ్లెం విసిరాక ఆయన్ను ఎండలో కూర్చోబెట్టి నోరు తెరిపించాను. ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ, దాని నడుమ ఎర్రటి పుండు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు లేక బొగ్గు బస్సులు నడిచేవి. మిట్ట ఎక్కలేక బస్సు ఆగినప్పుడల్లా దిగి నడుస్తూ మదనపల్లె ఆసుపత్రి చేరాం. డాక్టరు గది ముందు మా ఆయన నన్ను ఆపేశాడు.

"నువ్వు ఈడ్నే కూసో. మగోళ్ల మాటల్లో నీకేం పని?"

వసారాలో కూర్చున్నాను. బయటికొచ్చి రెండు ముక్కలు చెప్పాడు. "అల్సరంట. పొగ వద్దన్నారు."

ఇంటికొచ్చి చుట్టల కట్టలన్నీ పెంటదిబ్బలో పారేశాడు. నాలుగో రోజుకు చేతులు వణికాయి. కనపడిన ఎద్దునల్లా తిట్టాడు. ఐదో రోజు చూస్తే బుగ్గ ఉబ్బి ఉంది. లోపల పొగాకు.

"ఇదేంది?" అన్నాను.

"యాడన్నా పొగ వస్తాండాదా సూడు. పొగ వద్దన్నారు, ఆకు వద్దన్నారా?"

నాకు న్యాయంగానే తోచింది. ఈనెలు తీసి, సున్నం రాసి, ఆకు మడిచి ఇచ్చింది నేనే. పుండు మీదే పెట్టుకునేవాడు, మొద్దుబారి నొప్పి తెలియదని. అలా మూడు నెలలు గడిచాయి. దవడ కింద గడ్డ తేలింది.

ఈసారి నేను వసారాలో కూర్చోలేదు. డాక్టరు టార్చి వేసి చూసి, "ఆకు ఎక్కడ పెడుతున్నావప్పా?" అని అడిగారు. మా ఆయన వేలుపెట్టి చూపించాడు.

"పుండు మీదనా? పొగాకు ముట్టొద్దని చెప్పాను గదా!"

"పొగాకంటే చుట్టేననుకుంటిని సామీ. ఇంట్లో పొగని సెప్పినాను."

ఒక మాటలో సగం మింగి నాకు సగం చెప్పాడు. ఆ సగంతో నేను మూడు నెలలు పుండుకు మేత వేశాను.

బయాప్సీ అని చిన్న ముక్క కోసి పంపారు. క్యాన్సర్ అని తేలింది. మదరాసుకు పంపారు. అక్కడ బుగ్గలో రేడియం సూదులు గుచ్చారు, తర్వాత ఆపరేషన్ చేసి మెడలో గడ్డ తీశారు. నోట్లో ఉమ్మి ఆరిపోయింది. పాలు చెంచాతో పోసేదాన్ని. ఇంటికొచ్చిన వారానికే కుట్టు చీము పట్టింది. "సెప్టిక్ అయింది, రోజూ డ్రెస్సింగ్ చెయ్యాలి" అని మదనపల్లెలో నాకు కట్టు కట్టడం నేర్పించి పంపారు.

అప్పుడొచ్చాడు గంగులప్ప, కుప్పంలో మా ఆయనకు బేరాల జతగాడు. తువ్వాల్లోంచి నల్లచుట్ట తీశాడు.

"వదినా, అన్న వాడిపోయిండాడు. ఒక్క దమ్ము లాగితే తేలికైతాది. మా నాయన సచ్చేదాకా తాగినాడు, ఏమైంది?"

"మీ నాయన బుగ్గ దాసిపెట్టినావా? తేప్పా, మా ఆయనకు అతికిస్తాం."

గంగులప్ప నవ్వాడు. అంతలో దుప్పటి కింద నుంచి మా ఆయన చెయ్యి చుట్ట వైపు కదిలింది. నేను చూశాను.

"తీసుకో. ఈ సీము నువ్వే కడుక్కో, ఈ గుడ్డ నువ్వే కట్టుకో. నేను రామసముద్రం మా యమ్మోళ్లింటికి పోతాండాను," అని కట్టు గుడ్డ ఆయన గుండెల మీద పడేశాను.

చెయ్యి ఆగింది. కాసేపటికి వెనక్కి పోయింది. గంగులప్ప చుట్ట చెవి వెనక పెట్టుకుని లేచాడు. చెయ్యి వెనక్కి పోయినందుకు దేవుడికి దండం పెట్టాను. ముందుకొచ్చినందుకు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

మూడేళ్లయింది. మనిషి ఉన్నాడు. చుట్ట లేదు, ఆకు లేదు. నోరు రెండు వేళ్లు పట్టేంతే తెరుచుకుంటుంది. నాలుకకు మొదట తీపి తిరిగొచ్చింది, చాన్నాళ్లకు ఉప్పు. మొన్న అంబలి తాగి, "ఉప్పెక్కువైందమ్మే" అన్నాడు. నిజమే, ఆయన కోసం పెంచిన కొలత నా చేతికి అలవాటైపోయింది. కానీ కోడలి చెయ్యి చెడలేదని వాళ్లమ్మకు ఇంతవరకూ ఒక్క మాట చెప్పలేదు.

మీ ఇంటాయన్ను ఇలా చూపించడానికి తీసుకెళ్తే వసారాలో కూర్చోకండి. కసిరినా సరే, లోపలికి వెళ్లండి. చుట్టా, బీడీనా, ముక్కుపొడా, నమిలే ఆకా అని ఒక్కొక్క పేరూ పలికి డాక్టరును అడగండి. ఒక్కొక్కదానికీ "వద్దు" అనే మాట మీ చెవులతో మీరు వినేదాకా ఆ గదిలోంచి కదలకండి.