కుంకుమ పెట్టిన పిస్తోలు

ఐర్లండ్‌లో కార్క్ నగర శివార్లలో ఉన్న తెలుగువాళ్లు నన్ను "గన్ను ఆంటీ" అని చెప్పుకుంటారని నాకు తెలుసు. నా ఎదుట మాత్రం ఎవరూ అనరు. అంత ధైర్యం వాళ్లలో ఉండి ఉంటే నాకీ గొడవంతా ఉండేదే కాదు.

ముందు ఆ గన్ను సంగతి చెప్పాలి. అది గాలి ఒత్తిడితో పనిచేసే పిస్తోలు. మిరియపు గింజంత సీసపు గుండు పది మీటర్ల దూరంలో ఉన్న కాగితానికి చిల్లు పెడుతుంది. అంతకన్నా ఏమీ చెయ్యదు. అయినా ఐర్లండ్ చట్టానికి అది తుపాకీయే, లైసెన్సు కావాలి. సరిహద్దు దాటి ఉత్తర ఐర్లండ్‌కి తీసుకెళ్లాలంటే అక్కడి పోలీసుల పర్మిట్ వేరే కావాలి. అదే పిస్తోలుతో పడవెక్కి ఇంగ్లండ్‌లో దిగితే ఏ కాగితమూ అడగరు. అక్కణ్ణుంచి కారులో స్కాట్లండ్‌లోకి వెళ్తే మళ్లీ ఇంకో పర్మిట్. ఈ చట్టాలు రాసినవాళ్లు ఒకరితో ఒకరు ఎప్పుడైనా మాట్లాడుకున్నారా అని నా అనుమానం. నేను మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఇలాంటి కాగితాలు మా దగ్గరికి వస్తే వచ్చిన దారినే వెనక్కి పంపిస్తాం.

నాకు పిస్తోలు పట్టుకోవడం నేర్పింది గుంటూరులో మా కాలేజీ ఎన్‌సీసీ సుబేదారు. నాది ఎడమచేతి వాటం. అన్నం దగ్గర, అక్షరాల దగ్గర, పేరంటాల దగ్గర ఆ చేతి మీద దెబ్బలు తింటూ పెరిగాను. ఆయన మాత్రం నా చెయ్యి చూసి ఒక్క మాటా అనకుండా పిస్తోలు పెట్టే బల్లని అటుపక్క నుంచి ఇటుపక్కకి జరిపాడు. అంతే. ఆ తర్వాత పెళ్లి, ఉద్యోగం, ఈ దేశం. మళ్లీ పిస్తోలు పట్టుకున్నది ఇక్కడే, ఒకప్పటి పాలకేంద్రం షెడ్డులో నడిచే చిన్న క్లబ్బులో.

క్లబ్బు పిస్తోళ్ల పిడులన్నీ కుడిచేతి కోసం చెక్కినవే. వాటిని ఎడమ చేత్తో పట్టుకుంటే చెక్క అంచు వేళ్ల కణుపుల్లోకి దిగుతుంది. కణుపులు కమిలిపోతున్నా నా గురి బాగుందని కార్యదర్శి గమనించాడు. శీతాకాలంలో ఉత్తరాన ఉన్న ఒక క్లబ్బుతో పోటీ ఉందని, ముగ్గురి జట్టులో మూడో చోటు నాకిస్తానని అన్నాడు.

"కానీ క్లబ్బు పిస్తోళ్లు ఈ షెడ్డు దాటడానికి లేదు. సొంతది కొనుక్కో. ఇక్కడి లైసెన్సు, అక్కడి పర్మిట్ రెండూ వస్తే నువ్వు. రాకపోతే మన డెంటిస్టు."

డెంటిస్టు రిటైరైన పెద్దమనిషి. ఆయన గురించి చెప్పడానికేమీ లేదు. ఆయన గురీ అలాంటిదే.

ఆ మూడో చోటు నాకు కావాలి. ఎందుకని మా ఆయన అడిగాడు. నా చెయ్యి మంచిదని ఒకసారి ఎక్కడైనా రాసిపెట్టి ఉండాలని చెప్పాను.

లైసెన్సు దరఖాస్తుకి మనల్ని ఎరిగినవాళ్లు ఇద్దరు హామీగా నిలబడాలి. మొదట మా తెలుగు సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. హైదరాబాదు ఆయన, ఈ ఊళ్లో అందరికన్నా ముందొచ్చిన తెలుగువాడు. ఆయన సంఘం ఉగాదులకి నేను తరిగిన మామిడికాయలకి లెక్కలేదు. వాళ్లింట్లో ఒక వ్రతానికి వెళ్లినప్పుడు ప్రసాదానికి పొరపాటున ఎడమ చెయ్యి చాపితే, ఇవ్వబోయిన దొన్నె వెనక్కి లాక్కుని, నలుగురిలో "కుడి చెయ్యమ్మా, కుడి చెయ్యి" అన్నది కూడా ఈయనే. నేను మరిచిపోలేదు. అయినా అవసరం నాది కాబట్టి వెళ్లాను.

"ఏందమ్మా, గన్నా?" అన్నాడు. "మనకెందుకమ్మా గివన్నీ? పిల్లలున్న ఇల్లాయె."

"గాలితో పేలేదండీ. ఆటకి."

"ఆటకైతే బ్యాడ్మింటన్ ఉన్నది గద! మన అసోసియేషన్ల లేడీస్ డబుల్స్‌కి మంది తక్కువున్నరు. నీకైతే లెఫ్ట్ హ్యాండ్ గూడ పనికొస్తది."

"హామీ ఉంటారా, ఉండరా?"

"అట్ల కోపమైతే ఎట్లమ్మా? మా బామ్మర్ది వీసా నడుస్తున్నది. రేపు గార్డులొచ్చి నన్ను అడిగితే ఏం జెప్పాలె?"

ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. వాళ్ల పేరెత్తితేనే ఈయనకి చెమటలు. సంఘం వేదిక మీద మైకు దొరికితే మాత్రం ఝాన్సీ లక్ష్మి నుంచి రుద్రమదేవి దాకా కత్తి పట్టిన ఆడవాళ్లందరినీ పొగుడుతాడు. వాళ్లు ఈయన్ని సంతకం అడగలేదు కదా. సంఘంలో మరో ఇద్దరిని కదిలించాను. వాళ్లు నా ఫోన్ ఎత్తడం మానేశారు.

చివరికి మా పక్కింటి ముసలావిడ ఒప్పుకుంది. వంటింటి బల్ల మీది పిండి తుడుచుకుంటూ అడిగింది.

"ఎవరినైనా కాల్చే ఉద్దేశం ఉందా?"

"ఇప్పటికైతే లేదు."

"గ్రాండ్. మా ఆయన రెండు షాట్‌గన్‌లు ఆ ప్రెస్‌లోనే పెట్టేవాడు, జామ్ సీసాల వెనకాల." గ్రాండ్ అంటే ఇక్కడ సరే అని, ప్రెస్ అంటే గోడ అలమర. "ఒక్క కాకిని కొట్టింది లేదు. కలం ఇలా ఇవ్వు."

రెండో సంతకం ఫ్యాక్టరీలో మా మేనేజరుది. శాండ్‌విచ్ నములుతూనే పెట్టేశాడు. నా జాతివాళ్లకి ఎంత అడిగినా రాని ధైర్యం వీళ్లకి ఒక ముద్ద మింగేలోపు వచ్చింది.

తర్వాత దరఖాస్తులోకి మా డాక్టరు పేరు, క్లబ్బు ఉత్తరం, మెట్ల కింద గోడకి బిగించిన ఇనప పెట్టె. ఒక గార్డు వచ్చి దాన్ని బలంగా లాగి చూసి, అది కదలకపోయేసరికి కాస్త నిరాశపడి వెళ్లాడు. ఆ తర్వాత నిశ్శబ్దం. స్టేషనుకి ఫోన్ చేస్తే "పైఆయన టేబుల్ మీద ఉంది" అనేవారు. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. కొన్నాళ్లకి నా గొంతు వినగానే "టేబుల్ మీదే ఉందమ్మా" అనడం నేర్చుకున్నారు. ఆ టేబుల్ మీద కాగితాలు తప్ప పనేదీ జరుగుతున్నట్టు లేదు.

లైసెన్సు దసరాకి కాస్త ముందు వచ్చింది. పిస్తోలు తెచ్చుకుని, ఉత్తర ఐర్లండ్ పర్మిట్‌కి దరఖాస్తు పంపాను. వాల్‌నట్ చెక్క పిడి, ఎడమచేతికి చెక్కింది. పట్టుకోగానే బొటనవేలు దానంతటదే వెళ్లి దాని గుంటలో కూర్చుంది. కత్తెర, కత్తిపీట, కాలేజీ కుర్చీ, ఏదీ నా చేతి కోసం తయారవలేదు. ఇది అయింది.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. దసరాకి స్పానర్లు కడిగి, వరసగా పేర్చి, ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెట్టేవాడు. ఆ రోజు వాటితో పనిచెయ్యడు. నేనూ అదే చేశాను. దుర్గమ్మ పటం ముందు పట్టు జాకెట్ గుడ్డ పరిచి పిస్తోలు పెట్టాను. పక్కన మా ఆయన లాప్‌టాప్, కారు తాళాలు. బంతిపూలు దొరక్క సూపర్‌మార్కెట్ చామంతులు. పిడి మీద కుంకుమ బొట్టు పెట్టి హారతిచ్చాను. హారతి కొండెక్కగానే పిస్తోలు తీసి ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఈలోపు మా ఆయన ఫోటో తీసి సంఘం గ్రూపులో పెట్టాడు, "హ్యాపీ దసరా" అని.

మొదట నమస్కారం బొమ్మలు వచ్చాయి. కాసేపటికి ఎవరో ఫోటోని పెద్దది చేసి చూసినట్టున్నారు. ఆ తర్వాత అధ్యక్షుడి సందేశం: "ఇసొంటి ఫోటోలు గ్రూపుల పెట్టొద్దు. అసోసియేషన్‌కి సంబంధం లేదు."

"ఇట్స్ ఓన్లీ ఎన్ ఎయిర్ పిస్టల్, లైక్," అంది మా అమ్మాయి. ఇక్కడ పుట్టిన పిల్లకి ఉన్నపాటి బుద్ధి కూడా ఆ గ్రూపులో లేదు.

కొన్నాళ్లకి సార్జెంటు తలుపు తట్టాడు. ఎత్తుగా, తడిసిన టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. పిల్లలున్న ఇంట్లో తుపాకీ బయటపెట్టి ఏదో తంతు చేశారని ఫిర్యాదు వచ్చిందన్నాడు. ఉత్తర ఐర్లండ్ పోలీసులు నా పర్మిట్ విషయంలో వీళ్లని వాకబు చేస్తే, విచారణ తేలేదాకా జవాబివ్వొద్దని పైఆయన చెప్పాడట. పోటీకి ఎన్నో రోజులు లేవు. డెంటిస్టు సామాను సర్దుకోవడం నాకు కళ్లకి కట్టినట్టు కనిపించింది.

"ఫిర్యాదు ఎవరిచ్చారు?"

"అది చెప్పడానికి లేదు." కుర్చీలో కూర్చుని పుస్తకం తీశాడు. "అసలు దీని బదులు మిమ్మల్ని బ్యాడ్మింటన్ ఆడమన్నారటగా?"

ఎవరిచ్చారో మళ్లీ అడగాల్సిన అవసరం లేకుండా పోయింది.

ఆయుధపూజ అంటే ఏమిటో చెప్పాను. మా నాన్న స్పానర్ల గురించి చెప్పాను. సార్జెంటు రాయడం ఆపాడు.

"మా నాన్నది చేపల పడవ. ఏటా చర్చి ఫాదర్ రేవుకొచ్చి పడవలన్నిటి మీదా మంత్రజలం చల్లేవాడు. ఒకసారి ఆ నీళ్లు ఇంజన్‌లో పడి స్టార్టే అవ్వలేదు. ఆయన ముందు తిట్టుకోవడానికీ లేదు." నవ్వి, మళ్లీ ముఖం బిగించాడు. "పూజప్పుడు లోడు చేసి ఉందా?"

"గుళ్ల డబ్బా వేరే తాళంలో ఉంది."

"గదిలో ఎవరున్నారు?"

"నేను, మా ఆయన, మా అమ్మాయి, దుర్గమ్మ."

"ఆవిడ ఇక్కడే ఉంటుందా?" అని అడిగి, నేను పటం చూపిస్తే పుస్తకంలో రాయబోయి మానుకున్నాడు. "సరే. ఈసారి పెట్టెకే పూజ చేసుకోండి. అది లోపలే ఉండనివ్వండి."

"పూజ పెట్టెకి కాదు, ఆయుధానికి."

"అయితే పెట్టె తలుపు తీసి, దాని ముందు కూర్చుని చెయ్యండి. ఫోటోలు మాత్రం వద్దు. నేను రేపు రాసి పంపిస్తాను."

మనిషి మంచివాడే కానీ ఆయన చెప్పిన ఆ "రేపు" మాత్రం రాలేదు. నేను సెలవు పెట్టి, టిఫిన్ డబ్బా కట్టుకుని, స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను. ఎవరైనా కావాలా అని అడిగారు. "జవాబు కావాలి, వచ్చేదాకా కూర్చుంటాను" అన్నాను. పులిహోర డబ్బా తెరిచి ఇంగువ వాసన వచ్చాక పని కాస్త చురుగ్గా సాగింది. ఆ మధ్యాహ్నమే జవాబు వెళ్లింది. పర్మిట్ మేం బయల్దేరడానికి ముందు రోజు చేతికొచ్చింది.

కార్యదర్శి కారు నడిపాడు. డెంటిస్టు కూడా వచ్చాడు, నా కాగితాల్లో ఏదైనా లోపం దొరక్కపోతుందా అనే ఆశతో. సరిహద్దు ఎక్కడొస్తుందా అని నేను ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నాను. సరిహద్దు రాలేదు. వేగం బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్లు వచ్చాయి, అంతే. గేటు లేదు, మనిషి లేడు. గొర్రెలు కూడా తలెత్తి చూడలేదు. నన్నిన్ని నెలలు తిప్పింది ఈ బోర్డు కోసం.

అక్కడి క్లబ్బులో పోటీకి ముందు ఆయుధాలు తనిఖీ చేసే పెద్దాయన ఒకడున్నాడు. నా పర్మిట్ చూసి పక్కన పెట్టాడు. ట్రిగ్గర్ బరువు తూచాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని పిడిలోని గాడి మీద వేలు పెట్టాడు.

"తుప్పా?"

"కాదు."

"రక్తమా?"

"కుంకుమ. పూజ చేశాం."

"తుడిచెయ్యండి."

"ఏ నియమం ప్రకారం?"

డెంటిస్టు నా చెవి దగ్గరకొచ్చి, తుడిస్తే పోయేదేముంది అన్నాడు. ఆయనకి పోయేదేమీ లేదు, నిజమే. నేను పెద్దాయనకి చెప్పాను: రెండు ప్రభుత్వాల పోలీసులు ఈ పిస్తోలు గురించి విచారించారు, ఒక్కరూ తుడవమనలేదు. మీ పుస్తకంలో ఆ వాక్యం చూపిస్తే ఇక్కడే తుడుస్తాను. ఆయన నిజంగానే నియమాల పుస్తకం తీశాడు. పిడి కొలతలున్నాయి, ఆకారం ఉంది, పట్టీలు కట్టకూడదని ఉంది. బొట్టు గురించి లేదు. వెనక క్యూ పెరిగింది. ఆయన పుస్తకం మూసి, తనిఖీ అయినట్టు చీటీ అంటించాడు.

మొదటి గుండు ఎటో పోయింది. అది ఆ పెద్దాయన పుణ్యమే. తర్వాత చెయ్యి కుదురుకుంది. మేం గెలవలేదు. కానీ మా ముగ్గురిలో నా స్కోరే ఎక్కువ. గోడ మీద అంటించిన పట్టికలో నా పేరు ఎదురుగా ఆ అంకె ఉంది. కోటు వేసుకునేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను.

మా ఊరి పత్రికలో జట్టు ఫోటో వేశారు. వారం తిరక్కముందే అధ్యక్షుడి ఫోన్.

"మన తెలుగోళ్ల పేరు నిలబెట్టినవమ్మా! ఉగాదికి నీకు సన్మానం. శాలువా కప్పుతం. గా పిస్టల్ గూడ తీసుకురా, స్టేజి మీద పెడదాం."

"దాన్ని క్లబ్బుకీ పోటీలకీ తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్లకూడదండీ. తెస్తే ఎవరో ఒకరు గార్డులకి ఫోన్ చేస్తారు."

ఆయన వెంటనే మాట మార్చాడు.

"పోనీ, మళ్ల ఎక్కడికన్న పోయేదుంటే జెప్పమ్మా. సంతకమైనా, ఏదైనా, నేనున్న."

"స్కాట్లండ్‌లో పోటీ ఉందండీ. పర్మిట్ సంగతి అక్కడి క్లబ్బువాళ్లు చూసుకుంటారు. మీ సంతకంతో పనిలేదు."

"మరి శాలువా?"

"లేడీస్ డబుల్స్ ఎవరు గెలిస్తే వాళ్లకి కప్పండి," అని పెట్టేశాను.