కనక రెండుసార్లు చదివించిన కథ

అరకు సంతకు నాలుగు మైళ్ల పైన, కొండవాలులో పనసగుడ అని ముప్పై గడపల ఊరుంది. ఆ ఊళ్లో కనకకు చదువు రాదు. అయినా కాగితం విషయంలో ఆవిడను మోసం చెయ్యడం ఎవరివల్లా అయ్యేది కాదు. ఏ కాగితం వచ్చినా ముందు ఒకరితో చదివించి, మాటమాటా గుర్తుపెట్టుకునేది. ఆ తర్వాత మొదటివాళ్లకు తెలియకుండా ఇంకొకరితో చదివించేది. రెండూ ఒకటైతేనే వేలిముద్ర. రేషను కార్డయినా, బడి కాగితమైనా అంతే.

ఆ అలవాటు ఊరికే రాలేదు. కనక భర్త చలిజ్వరంతో పోయిన ఏడాదే, మూడేళ్ల కొడుకు బుధుకి జ్వరమొచ్చి ఎడమకాలు చచ్చుపడింది. అది తొంభై మూడు. మరో మూడేళ్లకి తెల్ల జీపులో పట్నంవాళ్లెవరో వచ్చారు. పిల్లవాడికి మూడు చక్రాల బండి ఇస్తామన్నారు. చొక్కా విప్పించి, మట్టిలో కూర్చోబెట్టి ఫోటో తీశారు. కాగితం మీద కనక వేలిముద్ర తీసుకున్నారు. బండి రాలేదు.

రెండేళ్ల తర్వాత కొడుకు కాలు చూపించడానికి కనక విశాఖపట్నం వెళ్లింది. బస్సు దిగగానే ఎదురుగా గోడ మీద బుధు కనిపించాడు. అదే మట్టి, అదే చూపు. కింద పెద్ద అక్షరాలు. పక్కన పూలమ్ముకునే ఆవిణ్ని అడిగితే చదివి చెప్పింది: "తల్లీ తండ్రీ లేని ఈ పసివాణ్ని ఆదుకోండి."

కనక నమ్మలేదు. బుధుని చంకనెత్తుకుని ఒక కండక్టరు దగ్గరికి వెళ్లి మళ్లీ చదివించింది. అతనూ అదే చదివాడు. ఆ బొమ్మను గోళ్లతో గీకి, దొరికినంత మేరా చింపి, ముక్కలు కొంగులో మూటగట్టుకుని ఇంటికొచ్చింది. ఆనాటి నుంచి కెమెరా పట్టుకున్న మనిషి ఊళ్లోకొస్తే బుధుని లోపల పెట్టి తలుపేసేది.

బయటివాళ్ల మీదే కాదు, అనుమానం ఊళ్లోవాళ్ల మీదా ఉండేది. దిగువింటి మల్లేశు కొడుకు ధనుంజయ్‌కి పుట్టుకతో చెవుడు, మాట రాదు. బుధు కంటే ఏడాది పెద్ద. పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని బుధు కోసం ఎదురు చూసేవాడు. ఒళ్లు బాగున్న గుంటలు ఊరినిండా ఉండగా వీడికి నా కొడుకుతోనే పనేమిటని కనకకు గుబులు. సాయంత్రం బుధు మోచేతులు గీరుకుపోయి వస్తే, తోసేశాడేమోనని ధనుంజయ్ చేతులు పట్టి చూసేది. వాడు నవ్వేవాడు. ఇద్దరూ వేళ్లతో ఏదో చెప్పుకుని మళ్లీ నవ్వేవారు. కనకకు ఒళ్లు మండేది. ఎంత ముద్దుగా ఉన్నా, ఇంకొకరితో చదివించి సరిచూసుకోడానికి వీల్లేని భాష అది.

ఆ సైగలు వాళ్లిద్దరూ సొంతంగా కట్టుకున్నవే. బొటనవేలితో గాలిని కిందికి నొక్కితే సంతలో కొట్టున్న కృష్ణమూర్తి. తూకం వేసేటప్పుడు ఆయన చెయ్యి పడే తీరు అది. కళ్లు చిన్నవి చేసి పక్కకి చూస్తే కనక.

రెండువేల రెండు నవంబరు. లోయంతా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు విచ్చుకున్నాయి. కృష్ణమూర్తి ఒక జీపును వెంటబెట్టుకుని పనసగుడ వచ్చాడు. అందులోంచి నలభై ఏళ్ల ఆవిడ దిగింది. పేరు వరలక్ష్మి. హైదరాబాదు నుంచి వచ్చింది, సినిమాలు తీస్తుంది.

"కనకా, మంచోళ్లేనే. పిల్లల సినిమా తీత్తారంట. సంతలో మీ గుంటణ్నీ ఆ మూగోణ్నీ సూసి ఇట్టపడ్డారు" అన్నాడు కృష్ణమూర్తి.

"నువ్వు మంచోలన్నావు గదా, అందుకే బయమేత్తంది" అంది కనక. బుధు అప్పటికే తలుపు వెనక ఉన్నాడు.

వరలక్ష్మి అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఇద్దరు పిల్లల స్నేహం గురించి సినిమా. ఒకడు నడవలేడు, ఒకడు వినలేడు. పట్నం పిల్లలతో తీద్దామనుకున్నారు గాని, కుంటుతున్నట్టు నటించే పిల్లల్ని చూస్తే తనకే నచ్చలేదు. వీళ్లయితే బాగుంటుంది. మల్లేశు ఒప్పుకున్నాడు.

మల్లేశు అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడా అని కనకకు ఇంకో అనుమానం పట్టుకుంది.

"కతేటి?" అని అడిగింది.

"చెప్పాగా, స్నేహం."

"అది కత కాదు. మొదట్నుంచి ఆకరి దాకా రాసుకుంటారంట గదా, ఆ పుస్తకం సదివి ఇనిపించు."

వరలక్ష్మికి ఆలస్యమవుతోంది. తన సహాయకుడు అనిల్‌ని, కథ పుస్తకాన్ని అక్కడ వదిలి వెళ్లింది. అనిల్ ఇరవై రెండేళ్ల కుర్రాడు. గొంతు బాగుంది. కనక పొయ్యి దగ్గర కూర్చుని, చోడి అంబలి కలుపుతూ వింది. ఇద్దరు పిల్లలు సంతలో కలుస్తారు, పోట్లాడుకుంటారు, తప్పిపోయిన మేకపిల్లను కలిసి వెతుకుతారు. కథ బాగానే ఉంది. అయితే అనిల్ మధ్యలో ఒకచోట తలెత్తి కనకను చూశాడు. నాలుక తడుపుకుని, రెండు మూడు ఆకులు ఒకేసారి తిప్పాడు. చివర్న కూడా అలాగే చేశాడు.

కనక అంబలి కుండ దించింది. "పుస్తకం ఈయాల ఇక్కడే ఉండనీ బాబూ, పొద్దున్న ఇత్తాను" అంది. అతను కాదనలేకపోయాడు.

అనిల్ కోసం వచ్చిన జీపు మలుపు తిరగగానే కనక ఆ పుస్తకంతో రత్న ఇంటికి వెళ్లింది. రత్న హాస్టల్లో పదో తరగతి చదువుతోంది, సెలవుకి వచ్చింది. మొదటి నుంచి చదవమంది. అనిల్ తిప్పేసిన చోటికి వచ్చేసరికి రత్న ఆగిపోయింది.

"సదువు."

"పిన్నీ... ఇక్కడ అమ్మ పాము కరిసి సచ్చిపోనాదని ఉంది. కాలు నేని గుంటడు దిక్కునేనోడు అయిపోతాడు. ఊరోలు తరిమేత్తారు. అప్పుడు ఆడికి ఆ మూగోడే తోడు."

"ఆకర్న?"

"ఆకర్న ఇద్దరూ కొండెక్కి మొక్కితే కాలు వచ్చేత్తాది. పరిగెడతాడు."

 కనక పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. "మల్లీ సంపేసినారు నన్ను" అంది.

ఇంటికొచ్చి బుధుతో సినిమా లేదని చెప్పేసింది. పన్నెండేళ్లవాడు, సంతలో ఆ జీపు చూసినప్పటి నుంచి దాని గురించే కలలు కంటున్నాడు. అన్నం కంచం తోసేశాడు.

"నీకు అందరూ దొంగలే. ధనుంజయ్ దొంగ, ఆలు దొంగలు, రేపు నాను కూడా దొంగే!"

కనకకు ఆ మాట గుచ్చుకుంది. కానీ తలుపు గడియ మాత్రం తియ్యలేదు.

తెల్లారి నీళ్లకు వెళ్లొచ్చేసరికి తలుపు తీసి ఉంది. బుధు లేడు, కర్ర లేదు. సినిమావాళ్ల పుస్తకం చంకలో పెట్టుకుని దిగువింటికి పరుగెత్తింది. మల్లేశు వేపపుల్ల నములుతూ, "సినిమావోలు జీపు తెచ్చినారు, మనోలిద్దరూ ఎక్కి పోనారు. ఎందుకలగ కంగారు?" అన్నాడు.

"నాను ఒప్పుకోకుండా ఎలగ ఎక్కించినారు? నువ్వేటి సెప్పినావు ఆలకి?"

"నానేటీ సెప్పనేదు. నీ కొడుకే 'మాయమ్మ రమ్మన్నాది' అన్నాడు."

కనక రోడ్డు మీదుగా పోలేదు. కాఫీ తోటలోంచి అడ్డదారిన అరకు వైపు దిగింది.  పిల్లల్ని ఎక్కడికో ఎక్కించుకుపోయి ఉంటారని, రైలెక్కించేసి ఉంటారని, ఇంకో గోడ మీద ఇంకో బొమ్మ అని ఒకదాని వెనక ఒకటి తోస్తున్నాయి. రైలు పట్టాల అవతల వలిసె చేను దగ్గర జనం కనిపించారు. నిలబడి ఉన్న బుధు కనిపించాడు. చేనులోనే చతికిలబడింది. లేచి వెళ్లి కొడుకు రెక్క పట్టుకుని లాక్కుపోదామనుకుంది. కానీ ముందు వీళ్లేం చేస్తున్నారో చూద్దామనిపించింది. మనుషులు తమను ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడే నిజంగా ఉంటారని కనక నమ్మకం.

పూలమధ్య నుంచి తొంగి చూసింది. బుధుని వీపు మీద ఎక్కించుకుని వాలు ఎక్కమని వరలక్ష్మి ధనుంజయ్‌కి చేతులతో చూపిస్తోంది. ధనుంజయ్ అడ్డంగా తలూపుతున్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఒకడు వాణ్ని వంచబోయాడు.

"ఆడు మొయ్యడు" అన్నాడు బుధు గట్టిగా. "నాను ఎక్కను. మేవలగ ఎల్లం."

"మరి ఎలా వెళతారు?" అంది వరలక్ష్మి.

"సూడు."

ధనుంజయ్ ఒక మెట్టు పైన నిలబడ్డాడు. బుధు ఎడమ చెయ్యి వాడి భుజం మీద వేసి, కుడిచేత్తో కర్ర పోటు పెట్టి, కాలు ఈడ్చి ఎక్కాడు. దిగేటప్పుడు ధనుంజయ్ ఒక మెట్టు కిందకొచ్చాడు. కింద రోడ్డు మీదికి రాగానే వెనక నుంచి లారీ వస్తుంటే బుధు వేళ్లు భుజం మీద ఒకసారి తట్టాయి. ధనుంజయ్ వెంటనే పక్కకి జరిగాడు. ఎవరో పిలిస్తే రెండుసార్లు తట్టాడు. ధనుంజయ్ తల తిప్పాడు. తడి రాయి మీద బుధు జారి మోచెయ్యి గీరుకుంది. ధనుంజయ్ లేపలేదు. భుజం అందేంత దగ్గరగా వంగి నిలబడ్డాడు. బుధు తనంతట తనే పట్టుకుని లేచాడు.

ఆ మోచేతి గీతల సంగతి కనకకు అప్పుడు అర్థమైంది. రెండేళ్లుగా ఆ పిల్లవాడి చేతులు పట్టుకుని చూసింది తను.

వరలక్ష్మి అందరినీ పక్కకి జరగమంది. "మీరెలా వెళతారో అలాగే తీద్దాం" అని కెమెరా జరిపించింది.

కనక చేనులోంచి లేచింది. ఒంటినిండా పసుపు పుప్పొడి. బుధు ముఖం పాలిపోయింది. ఆవిడ కొడుకు వైపు చూడకుండా వరలక్ష్మి ఎదుటికి వెళ్లి పుస్తకం చాచింది.

"ఇందల నన్నెందుకు సంపినావు?"

"అది కథ కనకమ్మగారూ. మిమ్మల్ని కాదు..."

"కాలు నేని గుంటడికి అమ్ముంటే కత అవ్వదేటి? జనానికి జాలి రాదేటి? ఆ అబ్బాయి నా మొకం సూసి సదవనేకపోనాడు, ఆకులు తిప్పేసినాడు. ఆడికున్న సిగ్గు రాసినోలికి నేదు." అనిల్ తల వంచుకున్నాడు. కనక విశాఖలో గోడ మీద చూసిన బొమ్మ గురించి, చంకలో కొడుకు ఉండగా వాడికి తల్లి లేదని చదివించుకున్న రోజు గురించి చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. "కాలు వచ్చేత్తాదని కూడా రాసినావు. రేపు నా కొడుకు అది సూసి కొండెక్కి మొక్కుతాడు. రానప్పుడు ఆడికి నువ్వు సెప్తావా, నాను సెప్పాలా?"

వరలక్ష్మి పుస్తకం తీసుకుంది. ఆ ఆకులు తిప్పి చూసింది. కాసేపటికి, "ఇప్పటికిప్పుడు మార్చి రాయడం కష్టం. నాలుగు రోజులివ్వండి" అంది.

"రాసినాక నాకు సదివించాల. రెండుసార్లు."

ఆ నాలుగు రోజులూ కనక నమ్మలేదు. రాకపోతే పీడా పోయిందనుకుంది. అయిదో రోజు వరలక్ష్మి తనే వచ్చి, అరుగు మీద కూర్చుని అక్షరం వదలకుండా చదివింది. తర్వాత రత్న చదివింది. రెండూ కలిశాయి. తల్లి బతికే ఉంది. కాలు అలాగే ఉంది. తల్లి వేషం నువ్వే వెయ్యమని వరలక్ష్మి అడిగితే కనక ఖరాఖండీగా ఒల్లనంది. "నా బొమ్మ ఎవులికీ ఇవ్వను." కానీ ఒక షరతు పెట్టింది. తీసినన్నాళ్లూ కెమెరా పక్కనే కూర్చుంటుంది.

పద్దెనిమిది రోజులు కూర్చుంది. తల్లి వేషానికి పట్నం నుంచి వచ్చినావిడ పొయ్యి ఊదలేక దగ్గుతుంటే లేచి వెళ్లి, చీర మోకాలి కిందికి ఎలా కట్టుకోవాలో, అంబలి ఎలా తిప్పాలో చూపించింది. వచ్చి మళ్లీ అదే చోట కూర్చుంది. రోజూ సాయంత్రం పిల్లలిద్దరినీ లెక్క చూసుకుని ఇంటికి తీసుకుపోయేది. ధనుంజయ్‌కి కూడా అంబలి పోసేది. క్షమించమని వాడికి ఎలా సైగ చెయ్యాలో ఆవిడకు తెలియలేదు. బుధుని అడగడానికి నోరు రాలేదు. వాడి గ్లాసులో ఇంకో గరిటె పోసేది.

సినిమా హాళ్లలో ఆడలేదు. రెండువేల నాలుగులో వరలక్ష్మి ఒక తెల్లగుడ్డ, యంత్రం తెచ్చి బడి ఆవరణలో వేసి చూపించింది. కనక వెనక వరసలో, కావాలంటే లేచిపోయేలా కూర్చుంది. తల్లి ఎక్కడ చనిపోతుందోనని చివరిదాకా కాచుకుంది. చనిపోలేదు. ధనుంజయ్ ముందుకెళ్లి సౌండు పెట్టె మీద రెండు అరచేతులూ ఆనించి, తెర మీద తనను తాను చూసుకుంటూ నిలబడ్డాడు. పక్కన బుధు.

"ఎలా ఉంది కనకమ్మా?" అంది వరలక్ష్మి.

కనక లేచి కొంగు దులుపుకుంది. "మావోలు బాగున్నారు. ఆ మేకపిల్లే బక్కగుంది" అంది.

తర్వాత బుధు పది పాసై, సంత దగ్గర చిన్న గది తీసుకుని రేడియోలు, సెల్ ఫోన్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. మరమ్మతులో ధనుంజయ్ చెయ్యి ఇంకా నేర్పైనది. వచ్చినవాళ్లతో బుధు మాట్లాడతాడు, విప్పి చూసేది ధనుంజయ్.

రెండువేల ఏడు వేసవిలో వరలక్ష్మి ఒక్కతే బస్సు దిగి పనసగుడ వచ్చింది. పని లేదు, ఊరికే చూడాలనిపించింది అంది. కనక ఆవిడ సంచి వైపు చూసింది.

"కెమెరా ఉందేటి?"

"లేదు. కావాలంటే చూసుకోండి."

కనక సంచి తీసుకుని లోపలికి వెళ్లింది. విప్పలేదు. గోడ మేకుకు తగిలించి, ఉతికిన దుప్పటి తెచ్చి అరుగు మీద పరిచింది.