తొమ్మిదో రోజు స్నానం

నిన్న పొద్దున, నిజామాబాద్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి మెట్ల మీద పక్కింటి అక్క నన్ను ఆపి, వాళ్ళ ఆడకుక్క గురించి గొంతు తగ్గించి అడిగింది. "రక్తం ఆగినట్టే ఉన్నది చెల్లె, ఇగ ఇడువొచ్చా?" మెట్ల మీద ఎవరైనా ఎదురైతే తాళంచెవి వెతుక్కుంటున్నట్టు నటించే మనిషిని నేను. అయినా, "వద్దక్కా, అసలు సంగతి ఇప్పుడే మొదలైతది" అని వెంటనే చెప్పేశాను. ఆ ధైర్యం రెంజల్ దగ్గర మా ఊళ్ళో ఒక కుక్క వల్ల వచ్చింది.

దాని పేరు చిట్టి. నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఎనిమిది నెలల వయసులో అది మొదటిసారి ముట్టయింది. అరుగు మీద ఎర్రటి చుక్కలు చూసి మా నానమ్మ, మేమంతా అవ్వ అనే మనిషి, ఏమాత్రం కంగారుపడలేదు. మా ఇంట్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టినట్టే దాన్నీ పసుపు ఉడకబెట్టే కొట్టం మూలకు గోనెసంచి వేసి కూర్చోబెట్టింది, గిన్నె కూడా వేరే పెట్టింది. "దూరమున్నది పిల్ల, ముట్టకుండ్రి" అని ఇంటికొచ్చిన వాళ్ళకు చెప్పేది. చిట్టి మాత్రం వచ్చిన ప్రతివాళ్ళనూ ముట్టుకునేది. బాపు, అంటే మా నాన్న, ఇదేదీ చూడనట్టే ఉండి, గేటు ముందు చేరిన మగకుక్కలను చూసి ఒక్క మాటన్నాడు. "పిల్లల్ని వెట్టిందంటే తల్లిని, పిల్లల్ని కందకుర్తి కాడ గోదారి ఒడ్డున ఇడిసొస్త." బాపు అన్నది చేసే మనిషి. ఆ రోజు నుంచి దాని రోజులు డైరీలో రాయడం మొదలుపెట్టాను. నావి ఎప్పుడూ రాసుకోలేదు, ఎవరైనా చదువుతారని భయం.

తొమ్మిదో రోజుకు చుక్కలు పలచబడి నీళ్ళరంగుకు వచ్చాయి. అవ్వ దానికి పసుపునీళ్ళతో స్నానం చేయించి, "అయిపోయింది, ఇంట్లకు రా బిడ్డా" అని తాడు విప్పేసింది. నాకూ అనుమానం రాలేదు. స్నానమైతే మైల తీరినట్టే కదా. గేటు దగ్గరి కుక్కలు మాత్రం కదల్లేదు. "తానం జేపిచ్చినంక గూడ గీళ్ళకేం పని" అని అవ్వ విసుక్కుంది. పావుగంటకు చూస్తే చిట్టి లేదు. వెనక కంచె సందులోంచి దూరి, చెరుకు తోట గట్టు మీద తోక పక్కకు పెట్టి నిలబడి ఉంది, దగ్గరికొస్తూ ఒక గోధుమరంగు కుక్క. చెరుకు ట్రాక్టరతను బండి ఆపి మరీ చూస్తుండగా, తడి కుక్కను ఎత్తుకుని ఊరి నడుమ పరుగెత్తాను.

బాపు బండి తీశాడు. పశువుల దవాఖానలో డాక్టరు "ఎన్ని దినాలైంది?" అని అడిగితే, బాపు కిటికీలోంచి బయటికి చూశాడు. నేను చెప్పింది నాకే వినపడలేదు. డైరీ తెరిచి రెండోసారి చెప్పాను. "రక్తం వడవట్టి తొమ్మిది దినాలు సార్. ఇయ్యాల రంగు మారింది."

"రక్తం తగ్గినంకనే మగకుక్కను రానిస్తది. మనుషుల లెక్క కాదమ్మా. ఇంకో రెండు వారాలు బయటికి ఇడువకుండ్రి. చిన్నది, గిప్పుడే ఈనుడు మంచిది కాదు. రెండు మూడు నెలలు పోయినంక ఆపరేషన్ చేద్దాం."

బాపు నావైపు తిరిగాడు. "గివన్నీ రాసి వెట్టినవా?" అన్నాడు.

ఆ రెండు వారాలు చిట్టి నా గదిలోనే ఉంది. పాత లంగా కత్తిరించి నేను కట్టిన గుడ్డను రోజుకు నాలుగుసార్లు విప్పేసుకునేది. అవ్వ కంచె సందుకు ముళ్ళకంప కొట్టించి, కర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. బాపు పొలం నుంచి రాగానే "ఇయ్యాల ఎన్నో దినం?" అని నన్నే అడిగేవాడు. పిల్లలు పుట్టలేదు, కందకుర్తి మాట మళ్ళీ రాలేదు. మూడు నెలలకు ఆపరేషన్‌కు బాపే దాన్ని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు.

ఆ రెండు వారాల చివర్లో ఒకనాడు నేను ముట్టయి, కొట్టంలో కడుపు పట్టుకుని పడుకుంటే, వాకిట్లో బాపు గొంతు వినిపించింది. "అవ్వా, పిల్లకు కడుపు నొస్తున్నట్టున్నది. కొట్టంల కాదు, లోపట్నే పండుకోనియ్యి." ఇరవై ఏళ్ళుగా మా గడప బయట నిలబడ్డ మాట, లోపలికి రావడానికి మూడు వారాలే పట్టింది.