అత్త తెచ్చిన పసుపుకొమ్ము

పోయిన మంగళవారం పొద్దున మా అత్త పోయింది. మా చిల్లర అంగట్లో కందిపప్పు పొట్లం కడుతూనే పక్కకు ఒరిగింది. ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే మంచివి ముందు వస్తున్నాయి, వాటి వెనకే కోపమూ వస్తోంది. రెండూ రాస్తాను. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

మాది మైదుకూరు దగ్గర పల్లె. కోయిలకుంట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో ఆకలైనా నోరు తెరిచి చెప్పేదాన్ని కాదు. అత్త అది కనిపెట్టింది. అంగట్లోంచి లోపలికి వచ్చినప్పుడల్లా గుప్పెడు వేయించిన చెనిక్కాయలు నా ఒళ్లో పోసి వెళ్లేది. ఎవరైనా నన్ను పలకరిస్తే తనే బదులు చెప్పేది. "అడిగిన దానికి చెప్పాల పాపా. అడగని దానికి చెప్పే పనేముండాది," అనేది. నా బిడియం చూసే అంటోందనుకున్నాను.

పెద్దకొడుకు, అంటే మా బావ, డోన్‌లో లారీ ఆఫీసులో పనిచేస్తాడని పెళ్లిచూపుల్లో చెప్పారు. సెలవు దొరకలేదని పెళ్లికి రాలేదు.

ఏడాది తిరిగాక అత్త నన్నూ మా ఆయన్నూ బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టర్లు ఏదో పరిశోధనకు తల ఫోటోలు తీస్తారని మాత్రం చెప్పింది. మిషను గదిలోకి లోహం పోకూడదు, తాళి కూడా తీయాలని నర్సు అంది. నేను తాళిని గుప్పిట పట్టుకున్నాను. అత్త మాత్రం తడబడలేదు. సంచిలోంచి పసుపుకొమ్ము కట్టిన దారం తీసి, కొడుకు చేత నా మెడలో కట్టించింది. ఆ తర్వాతే బంగారు తాళి విప్పించి తన కొంగున ముడేసుకుంది.

ఇంటి దగ్గరే సిద్ధం చేసుకొచ్చిందని అప్పుడు తట్టింది.

"తాళి తీయాలని నీకెట్ల తెలుసు అత్తా?"

ఆమె నేల చూసింది. "మీ మామ ఉన్నప్పుడు నేనూ దీంట్లో పండుకున్యా. మీ బావ కోసరం."

సంతకానికి వచ్చిన డాక్టరమ్మ, నాకు తెలిసే ఉంటుందనుకుని మిగతాది చెప్పింది. బావకు మనసు జబ్బు. అలాంటివాళ్ల తోబుట్టువులది ముప్పు ఎక్కువున్న గుంపు. మా ఆయన అందులో. నేను ఆరోగ్యవంతుల గుంపు. మెదడులో ఏ భాగాన బూడిదరంగు పదార్థం ఎంత ఉందో కొలిచి రెండు గుంపులనూ పోలుస్తారట. ఫలానా మనిషికి జబ్బు వస్తుందో రాదో ఇది చెప్పదని, ఆ గుంపులోనూ చాలామందికి ఏమీ రాదని, ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చని కూడా అంది.

మా ఆయన వైపు చూశాను. గోడ చూస్తున్నాడు. సంతకం పెట్టాను. పెళ్లయ్యాక ఉన్నదున్నట్టు చెప్పి, నన్ను అడిగి చేసిన పని అదొక్కటే.

తిరుగు రైల్లో అత్త తనే గుట్టు విప్పింది. లారీ ఆఫీసు లేదు. బావ డోన్‌లో ఆమె చెల్లెలి ఇంట్లో మందులు మింగుతూ ఉంటున్నాడు.

"ముందే చెప్పింటే మీ నాయన నిన్ను ఇచ్చింటాడా?"

"నాకు చెప్పాల్సింది," అన్నాను.

తర్వాత నాలుగేళ్లు ఆమె చేతి అన్నం తిన్నాను. నాకు జ్వరమొస్తే మంచం దిగనిచ్చేది కాదు. అయినా ఆమె చెప్పింది ఏదీ ఒక్కసారికి నమ్మలేకపోయాను. అంత మంచిది అబద్ధం చెప్పిందనే బాధ ఇంకా పోలేదు.

మంగళవారం బావను పిలిపించారు. పాడె లేపేటప్పుడు పెద్దలు ఆయన్ను లోపల కూర్చోబెట్టమన్నారు. మా ఆయన తల దించుకున్నాడు.

"ఆయనా కొడుకే. భుజం పెట్టనీండి," అన్నాను. "జబ్బుంటే ఉండనీ. అందరికీ తెలియనీ."

వాకిలి నిండా జనం నా వైపు తిరిగారు. బావ వచ్చి ముందు కర్ర పట్టుకున్నాడు. పొడుగు మనిషి. తన వైపు పాడె ఎత్తు కాకుండా, వీధి చివరి దాకా మోకాళ్లు వంచే నడిచాడు.