డాహ్యా నల్లబల్ల మీద రాసిన మాట

మా పాలకేంద్రంలో వరస తప్పి ముందుకు రావడమంటే పరాయివాడి చేను కోసుకున్నంత పని. ఆ సాయంత్రం ఉదేసంగ్ అదే చేశాడు. ముందున్న ఆడవాళ్ళను మోచేత్తో నెట్టుకుంటూ వచ్చి తన క్యాను బల్ల మీద ధన్‌మని పెట్టాడు. వెన్నశాతం చూసే డాహ్యా చేతిలోని గాజుగొట్టం కింద పెట్టేసి, వెనక్కి వెళ్ళి నిలబడమన్నాడు. ఉదేసంగ్ అతని చొక్కా పట్టుకుని తలను తూకం యంత్రానికేసి కొట్టాడు. కనుబొమ చిట్లి నెత్తురు చెంప మీద నుంచి మెడలోకి కారింది.

డాహ్యా తుడుచుకోలేదు. తిరిగి కొట్టలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ను-నువ్వు వెనక్కి వెళ్ళేదాకా ఎవరి పాలూ చూడను."

వైశాఖం ఎండలు. పాలు ఎంతసేపు ఆగుతాయి? జనం మొదట డాహ్యానే తిట్టారు. క్యానుల్లో పాలు వెచ్చబడుతుంటే వాళ్ళ చూపు ఉదేసంగ్ మీదకు తిరిగింది. ముందు నోరు తెరిచింది నేనే.

"ఒరేయ్ ఉదా, మీ అమ్మ కడుపులోంచి కూడా ఇలాగే తోసుకుని వచ్చావు. ఆ తొందరలో బుర్ర లోపలే మర్చిపోయావు. పో వెనక్కి."

వరసంతా నవ్వింది. వాడు క్యాను ఎత్తుకుని చివరికి పోయాడు. ఆ రోజు అందరి పాలూ చూశాకే డాహ్యా నుదురు కడుక్కున్నాడు.

డాహ్యా పొట్టివాడు, నత్తివాడు, పెళ్ళాం చచ్చిపోయినవాడు. మెట్రిక్‌లో ఇంగ్లీషు ఒక్కటే పోయింది. ఆ కసి తీరలేదు. రోజూ పొద్దున పాలకేంద్రం గోడ మీది నల్లబల్ల మీద ఒక ఇంగ్లీషు మాట రాసేవాడు. పక్కన మన గుజరాతీలో అర్థం, కింద ఒక వాడుక. వాడుక ఎప్పుడూ ఊళ్ళోంచే తీసుకునేవాడు. సోమరి అన్న మాటకు సర్పంచి ఎద్దును ఎక్కించాడు. గయ్యాళి అన్న మాటకు, ఊరంతా జీవీబా, అంటే జీవీ అమ్మ, అని పిలిచే నన్నెక్కించాడు. నేను వారం రోజులు వాడితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వెళ్ళి, ఆ మాట ఇంగ్లీషులో ఎలా పలకాలో చెప్పించుకున్నాను. నేను చదివింది రెండో తరగతే, అయినా నా పేరున్న చోట ఏం రాసి ఉందో నాకు తెలియాలి. పొద్దుటి పాలకు ఇంటికొకరు రాక తప్పదు. చదువు రానివాళ్ళకు పక్కవాళ్ళు చదివి చెప్పేవారు. అలా ఆ బల్ల చూడని ఇల్లు లేదు.

ఉదేసంగ్ పెళ్ళాం కాశీ. ఆ పిల్ల పాలకేంద్రంలో తన పేరునే సభ్యత్వం రాయించుకుంది. గేదెను మేపేది తానైతే పుస్తకంలో పేరు తనది ఎందుకుండకూడదంది. ఒక మధ్యాహ్నం ఉదేసంగ్ ఆ పిల్లను జుట్టు పట్టుకుని వాకిట్లోంచి లోపలికి ఈడ్చుకుపోవడం వీధిలో చాలామందే చూశారు. మర్నాడు కాశీ బావిలో తేలింది. పోలీసులు వచ్చారు, వాళ్ళింట్లో టీ తాగారు, కాలు జారి పడిందని రాసుకుని పోయారు. దాన్నే అందరూ యాక్సిడెంట్ అన్నారు. ఇంగ్లీషులో అంటే పాపం తగ్గుతుందేమో మరి.

శవానికి నీళ్ళు పోసింది నేను. మెడ చుట్టూ తాడు కోసిన గాడి, నల్లగా కమిలిపోయి ఉంది. ఎడమవైపు పక్కటెముకలు చేతికింద కదిలాయి. గోళ్ళు విరిగి చివర్లు చీలి ఉన్నాయి. నీళ్ళు మనిషిని ముంచుతాయి గానీ మెడకు తాడు బిగించవు. బయటికొచ్చి, పాడెకు వెదుళ్ళు కడుతున్న డాహ్యాతో చెప్పాను. విన్నాడు. ముడి బిగించాడు.

మర్నాడు పొద్దున బల్ల మీద ఉన్నది ఇది: యాక్సిడెంట్. అర్థం, అకస్మాత్, ఎవరి చెయ్యీ లేకుండా జరిగే కీడు. వాడుక: జీవీబా దూడ గోతిలో పడింది, అది యాక్సిడెంట్. కాశీ బావిలో పడింది, అది కాదు.

ఎవరో పైకి చదివారు. వరసలో ఉన్న ఉదేసంగ్ తల్లి పాలు పోయకుండానే వెనక్కి తిరిగింది.

ఉదేసంగ్ వాళ్ళు ఈసారి తెలివి తెచ్చుకున్నారు. సాయంత్రం పాలు పోయడం అయ్యి, లారీ వెళ్ళిపోయి, జనం చెదిరాక వచ్చారు. ఉదేసంగ్, ఇద్దరు పినతండ్రి కొడుకులు, చేతుల్లో దుడ్డుకర్రలు. నేను పంపు దగ్గర క్యాను కడుక్కుంటున్నాను.

"తుడువు," అన్నాడు ఉదేసంగ్.

"త-తప్పయితే నువ్వే తుడువు. నీ చేతులు బాగానే ఉన్నాయిగా."

డాహ్యా కుడిచెయ్యి గడప మీద పెట్టించి కొట్టారు. పచ్చి కొమ్మ విరిగినట్టు వినబడింది. వాడు అరిచాడు, పడ్డాడు, పడినవాడు ఎడమచేత్తో కింద దొర్లిన సుద్దముక్క తీసుకున్నాడు. ఆ చెయ్యీ విరగ్గొట్టారు. తర్వాత కడుపులో తన్నారు, మూతి మీద తన్నారు. నేను ఖాళీ క్యాను పిడి పట్టుకుని తిప్పి ఉదేసంగ్ చెవి మీద వేశాను. చెవి చీలి వేలాడింది. ఒక కర్ర నా భుజం మీద పడింది. ఆ చెయ్యి ఇప్పటికీ తలపైకి లేవదు, వాడి చెవి మీదా ఇప్పటికీ కుట్ల గుర్తులున్నాయి. నేను పెట్టిన కేకలకు జనం పరిగెత్తుకొచ్చేసరికి వాళ్ళు డాహ్యా తలగుడ్డ లాగి బల్ల తుడిచేసి పోయారు. సుద్ద పోయింది, నెత్తురు అంటింది.

ఆసుపత్రిలో రెండు చేతులకూ కట్టు. ముందు పళ్ళు లేవు. పోలీసులు వచ్చారా అంటే, వచ్చి మెట్ల మీద నుంచి పడ్డావని రాసుకోమంటావా అని అడిగారట. మా పాలకేంద్రానికి ఒక్క మెట్టు కూడా లేదు. నేను ఆ పోలీసుల ఏడుతరాలనూ తిట్టడం మొదలుపెట్టాను. డాహ్యా తల అడ్డంగా ఊపి దగ్గరికి రమ్మన్నాడు.

"బ-బా, నా చేతుల సంగతి వదిలెయ్. కాశీకి నీళ్ళు పోసింది నువ్వు. రేపు పెద్ద ఠాణాకు వెళ్ళి ఆ మెడ మీద చూసింది చెప్పు. వాళ్ళు రాసుకుంటారు. రాసింది మన మాటలో చదివి వినిపించమను. అందులో యాక్సిడెంట్ అని వినబడితే సంతకం పెట్టకు. కొట్టేసి మళ్ళీ రాసేదాకా అక్కడే కూర్చో."