చెక్క పట్టుకున్న చేతులు

నలభై ఏడో ఏట నా కాలు నడుము ఎత్తు దాటి లేచింది. ఈ సంగతి చెప్పుకునే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు కాబట్టి మొదట్లోనే చెప్పేస్తున్నాను. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే మా తోడికోడలి కాలు ఛాతీ ఎత్తుకి లేచింది. అదీ చెప్పాలి. మనసొప్పకపోయినా చెప్పాలి.

మాది విజయనగరంలో ఉమ్మడి కాపురం. అత్తగారు, మేమిద్దరం, మా మరిది, అతని భార్య, పిల్లలు. నాకు షుగరు ఉందని తేలాక డాక్టరు రోజూ పొద్దున్నే నడవమన్నాడు. ఇంటికి దగ్గర్లో ఒక బడి మైదానం ఉంది. దాని చుట్టూ పది చుట్లు తిరిగేదాన్ని. మైదానం మధ్యలో పిల్లలకు టైక్వాండో నేర్పేవారు. అది కొరియా వాళ్ళ యుద్ధవిద్య, చేతుల కన్నా కాళ్ళకు పని ఎక్కువ. ఆ పిల్లలు గాల్లోకి కాళ్ళు విసురుతూ గట్టిగా అరుస్తుంటే, వాళ్ళ చుట్టూ నేను గానుగెద్దులా తిరగడం నాకే నామోషీగా అనిపించేది. నెల రోజులు చూశాక ఒకరోజు ఆగి, నాలాంటి వాళ్ళకి కూడా నేర్పుతారా అని సార్‌ని అడిగాను. ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నవ్వకుండా, రేపటి నుంచి రండి మేడమ్ అన్నాడు. నవ్వలేదు కాబట్టే చేరాను.

ఇంట్లో మాత్రం అందరూ నవ్వారు. ఇకమీద నీతో జాగ్రత్తగా మాట్లాడాలన్నమాట అన్నాడు మా ఆయన. సార్ తెప్పించి ఇచ్చిన తెల్లటి దుస్తులు చూసి మా అత్తగారు ముఖం చిట్లించింది. ముత్తయిదువు ఒంటినిండా తెల్లబట్టలు వేసుకోవడమేమిటని, చొక్కాకీ పైజామాకీ మూలమూలనా పసుపు రాసి మరీ ఇచ్చింది. మర్నాడు క్లాసులో ఆరో తరగతి పిల్ల ఒకతె, ఆంటీ మీ మీద పప్పు పడింది అంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మరక పూర్తిగా పోలేదు.

అయినా ఆ గంట నాది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో నాకంటూ ఉన్నవన్నీ పంచుకున్నవే. వంటగది, పెరడు, బీరువాలో అరలు, ఆఖరికి మా అమ్మ సారెతో పంపిన ఇత్తడి బిందె కూడా. పొద్దున్న ఐదున్నర నుంచి ఆరున్నర దాకా మాత్రం నేను ఎవరి కోడల్నీ కాదు. హానా, దూల్, సేత్ అని కొరియా భాషలో ఒకటీ రెండూ మూడూ లెక్కపెడుతూ, నా కన్నా ముప్పై ఐదేళ్ళు చిన్నవాళ్ళ వరుసలో నిలబడి కాలు విసిరేదాన్ని. పసుపు బెల్టు వచ్చిన రోజు దాన్ని దేవుడి గదిలో పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఆకుపచ్చ బెల్టు వచ్చినప్పుడు వీధిలో అందరికీ కనబడేలా దండెం మీద ఆరేశాను. దాన్ని నేను ఉతకనేలేదు.

ఇక మా తోడికోడలు. నా కన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. పాతపట్నం అవతల పల్లె ఆమెది, వరి పండించే ఇల్లు. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది నుంచే ఆమెను చూస్తే నాకు కుళ్ళు. ఇంత వయసొచ్చాక దాచుకునేదేముంది? నా చేతి పులుసు తిన్నవాళ్ళు బాగుందనేవారు. ఆమె చేతి పులుసు తిన్నవాళ్ళు మారు వడ్డించమనేవారు. నన్ను తిట్టడానికి మా అత్తగారు క్షణం ఆలోచించేది కాదు, ఆమెను తిట్టాల్సి వస్తే మాత్రం మాటలు వెతుక్కునేది. నా పిల్లలకు జ్వరం వస్తే ఆమె ఒళ్ళో పడుకునేవారు. వీటిల్లో ఆమె చేసిన తప్పంటూ ఒక్కటీ లేదు. ఉండి ఉంటే నాకింత మంట ఉండేది కాదు.

నేను చేరిన ఎనిమిది నెలలకి, ఒకరోజు బెండకాయలు తరుగుతూ మెల్లగా అడిగింది.

"అక్కా, నానూ వస్తాను నీతోటి. వద్దనవు కదా?"

వద్దనడానికి ఒక్క కారణమూ తోచలేదు. పక్క గదిలోంచి మా అత్తగారు, పెద్దదానికి తోడుంటుంది వెళ్ళనీ అనేసింది. ఆ సాయంత్రమే ఇంకో జత తెల్లబట్టలకి పసుపు రాసింది.

మొదటి నెలలోనే తెలిసిపోయింది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు పక్కకి చాపి ఉంచమంటే, నేను పది లెక్కపెట్టేలోపు తూలిపోయేదాన్ని. ఆమె అలాగే నిలబడి ఉండేది, పైగా పక్కనున్న పిల్లలతో కబుర్లు చెప్పేది. ఇదంతా ఎక్కడిదమ్మా అని సార్ అడిగితే, చిన్నప్పుడు నెత్తిమీద అన్నం గంప పెట్టుకుని పొలం గట్ల మీద నడిచేదాన్నని చెప్పింది. వానాకాలంలో ఆ గట్లు అడుగు వెడల్పు కూడా ఉండవట. మా నాన్న శ్రీకాకుళంలో బడిపంతులు. నేను గట్టు మీద నడవలేదు, గంప మొయ్యలేదు. బలానికని ఇంట్లో పోసిన ద్రాక్షారిష్టం తాగి పెరిగాను. డబ్బులిచ్చి నేర్చుకునేదైతే నేనూ నేర్చుకుందును. ఆ నిలకడ ఇప్పుడు నాకు ఎవరు అమ్ముతారు?

చిన్న చిన్న పాపాలు చేశాను. రెండు రోజులు ఆమెను లేపకుండా వెళ్ళిపోయాను. మూడో రోజు నా కన్నా ముందే లేచి, కాఫీ కలిపి, గుమ్మంలో నిలబడింది. ఎందుకు లేపలేదని అడగలేదు. ఇంకోసారి ఆమె బెల్టు కనబడకపోతే, ఎక్కడుందో తెలిసీ వెతుకుతున్నట్టు నటించాను. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, బట్టల బుట్ట కింద బెల్టు పెట్టుకుని అలా నటించాను.

సార్ ఆమెకు ఒకేసారి రెండు మెట్లు ఎక్కించాడు. దాంతో ఇద్దరం నీలం బెల్టు దగ్గర కలిశాం. ఇక ఎర్ర బెల్టు పరీక్ష ఒకే రోజు. ఆ తర్వాత నల్ల బెల్టే. ఆ ఎర్ర బెల్టు నాకు ముందు రావాలి. కనీసం ఆమెతో పాటు రావాలి. ఆమెకు వచ్చి నాకు రాకపోతే మాత్రం భరించలేను. పరీక్షకు ముందు నెలంతా నా బుర్రలో ఇది తప్ప ఇంకేమీ లేదు.

ఎర్ర బెల్టుకి పిడికిళ్ళూ తన్నులూ చూపిస్తే చాలదు, కాలితో చెక్క విరగ్గొట్టాలి. అరంగుళం మందం చెక్క. దాన్ని ఎదురుగా ఒకరు రెండు చేతులా పట్టుకుని నిలబడాలి. చూసేవాళ్ళకి విరగ్గొట్టేవాళ్ళే కనబడతారు గానీ, సగం పని పట్టుకున్నవాళ్ళదే. మోచేతులు బిగించి, ఒక కాలు వెనక్కి ఆనించి, గోడలా ఉండాలి. దెబ్బ తగిలే క్షణంలో చేతులు రవ్వంత సడలినా చెక్క విరగదు. తన్నినవాళ్ళ కాలు వాచిపోతుంది. మా ఎత్తుకి పిల్లల చేతులు అందవు కాబట్టి, ఆమెకు నేనూ నాకు ఆమే పట్టుకోవాలని సార్ ముందే చెప్పాడు.

పరీక్ష మా మైదానంలో కాదు, కోట అవతల ఒక హాల్లో పెట్టారు, ఇద్దరం ఒకే స్కూటీ మీద వెళ్ళాం. పరీక్ష చెయ్యడానికి విశాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. సార్ ఆయన పక్కన కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. ముందు ఆమెను పిలిచారు. నేను చెక్క పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా కళ్ళలోకి చూసి, తలొంచి నమస్కరించి, వెనక్కి వెళ్ళింది. రెండంగల్లో వచ్చింది.

ముందే అనుకుని చేశానా అంటే లేదనే చెబుతాను. కానీ ఆమె కాలు లేచినప్పుడు, ఇది ఇప్పుడు విరిగిపోతుంది అన్న ఆలోచన వచ్చింది. దాని వెనకాలే నా మోచేతులు సడలాయి. చెక్క నా ఛాతీ మీదికి వచ్చింది గానీ విరగలేదు. ఆమె కాలు పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

పట్టుకున్నావిడ భయపడినట్టున్నారు అన్నాడు పెద్దాయన. నాకు భయమేమీ లేదు. అప్పటికి ఏడాదిగా పిల్లలకు చెక్కలు పట్టుకుంటున్నాను, ఒక్కసారీ కదల్లేదు. ఆ సంగతి సార్‌కి తెలుసు, ఆయన నావైపు ఒకసారి చూసి కాగితాల్లోకి తల దించుకున్నాడు. అవునండీ, భయమేసింది అన్నాను. పట్టుకున్నవాళ్ళ చేతులు కదిలితే ఆ తన్ను లెక్కలోకి రాదు, ఇంకో అవకాశం ఇస్తారు. ఈసారి నేను పట్టుకుంటానమ్మా అంటూ సార్ లేచాడు.

ఆమె కుంటుకుంటూ లేచి నిలబడింది. అప్పటికే పాదం పక్కన కమిలిపోయి ఉంది.

"వద్దు సార్. మా అక్కే పట్టుకుంటాది."

ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. కోపం ఉంటే నాకు సులువయ్యేది. కనబడలేదు. చెక్క మళ్ళీ ఎత్తాను. మోచేతులు ఎంత బిగించానంటే భుజాలు వణికాయి. ఆ వాచిన కాలితోనే తన్నింది. చెక్క రెండు ముక్కలై నా రెండు చేతుల్లో మిగిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమెకు ఎర్ర బెల్టు వచ్చిందని అప్పుడే అందరికీ తెలిసిపోయింది, అందరికన్నా ముందు నాకు తెలిసింది.

తర్వాత నన్ను పిలిచారు. ఆమె చెక్క పట్టుకుంది. వాచిన కాలే వెనక్కి ఆనించి నిలబడింది. ఉన్న బలమంతా పెట్టి తన్నాను. చెక్క కదల్లేదు, విరగలేదు. గోడను తన్నినట్టు నా మడమలో మంట లేచింది. తప్పంతా నా కాలిదే. బలం చాల్లేదు.

నేను ఇంకా తేరుకోకముందే ఆమె చెప్పేసింది, పొరపాటు తనదేననీ, కాలి నొప్పికి చేతులు కదిలిపోయాయనీ. పెద్దాయన తలూపి, అయితే మళ్ళీ తన్నండి అన్నాడు.

మళ్ళీ తన్నితే విరిగేదేమో. ఇప్పటికీ అనుకుంటాను, విరిగే ఉండేదని. కానీ నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. ఆమె చేతులు కదల్లేదండీ, నా తన్నే చాల్లేదు అన్నాను. దీన్ని నా నిజాయితీ అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అంత నిజాయితీయే ఉంటే అంతకుముందు సంగతి కూడా అక్కడే ఒప్పుకునేదాన్ని. ఆమె చేత్తో ఇచ్చింది తీసుకోవడం నాకు చేతకాలేదు, అంతే. నా పేరు ఎదురుగా పెద్దాయన అడ్డగీత గీశాడు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

ఆమె కాలు నేల మీద ఆనించలేకపోతోంది. వెనక కూర్చోబెట్టుకుని స్కూటీ నేనే నడిపాను. కోట దాటాక మందుల షాపు ముందు ఆపి, నొప్పికి పూసే మందు కొని తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఎటో చూస్తూ అడిగాను, నీకు తెలిసిందేటే అని.

"దుప్పట్లు పిండినప్పుడు అటు సివర నువ్వే ఉంటావు కదక్కా. నీ సెయ్యి వదులైతే నాకు తెలీదేటి?"

"తెలిసీ రెండోసారి నన్నే ఎందుకు పట్టుకోమన్నావు? సార్ పట్టుకుంటానన్నాడు కదా."

ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది.

"సార్ పట్టుకుంటే బెల్టు వస్తాది. మరి నీతోటి ఒక్క బండి మీద ఇంటికెలాగ రాగలనక్కా?"

క్షమించమని అడగాల్సింది. అడగలేదు. బండి స్టార్టు చేసి, ఇల్లు చేరేదాకా ఒకటే కుళ్ళుకున్నాను, అంత చిన్న మాట ఆమెకు తట్టింది, నాకెందుకు తట్టలేదని.