బడికి రాలేదని వచ్చే మెసేజ్

ఉయ్యూరు దాటాక బస్సు దిగి ఆటో ఎక్కితే మా హైస్కూలు. పదో తరగతికి లెక్కలు చెబుతాను. రెండో బెంచీలో ఒక పిల్ల ఉండేది. బోర్డు మీద నా లెక్క సగంలో ఉండగానే జవాబు గొణిగేది. నాకు చిరాకు, లోపల మురిపెం కూడా. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల రావడం మానేసింది.

పిల్లలు బడి మానకుండా పైవాళ్ళు కనిపెట్టిన మందు మెసేజ్. పొద్దున నేను ఫోన్లో గైర్హాజరు నొక్కితే చాలు, తల్లి ఫోన్‌కి వెళ్ళిపోతుంది. రోజూ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. గోడకి చెప్పినా నయం అనిపించింది. ఒళ్ళు మండి, తాడోపేడో తేల్చుకుందామని ఒకరోజు హాజరు తీయగానే బయల్దేరాను.

ఇంటి దగ్గర లేరు. రొయ్యల షెడ్డులో ఉన్నారని పక్కింటివాళ్ళు చెప్పారు. వెళ్ళేసరికి తల్లీ కూతురూ పక్కపక్కనే కూర్చుని ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలుస్తున్నారు. తల్లి వేళ్ళు వాచిపోయి వంగడం లేదు. ఆమె పని కూడా పిల్లే లాగుతోంది. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్లని బడికి పంపమని మాత్రం అడిగాను.

"పంపుతానని అబద్ధం ఎందుకు చెప్పాలండీ మేడం?" అంది తల్లి. "ఇది రాకపోతే షెడ్డోళ్ళు నన్నూ రానివ్వరండి. వాళ్ళ నాన్న వేటకెళ్తే వల ఖాళీగానే వస్తందండి."

"పోనీ, సాయంత్రాలు ఇంటికొచ్చి నేనే చెబుతాను."

"సాయంత్రం ఇంకో లోడు దిగుద్దండి మేడం," అంది పిల్ల, నన్నే ఓదారుస్తున్నట్టు.

అంతలో తల్లి బొడ్లో దోపుకున్న ఫోన్ మోగింది. ఆమెకి చదవడం రాదు. తీసి కూతురి ముందు పెట్టింది.

"ఏంటే?"

"బడి నుంచమ్మా. నేను రాలేదంట."

"రోజూ వచ్చేదేగా," అని తల్లి ఫోన్ మళ్ళీ దోపుకుంది. పొద్దున నేను నొక్కిందే అది. పిల్ల నా వంక చూడలేదు.

జరిగిందంతా హెడ్మాస్టరుగారికి చెప్పాను. "మన చేతిలో ఏముందమ్మా, మెసేజ్ మాత్రం ఆపకండి," అన్నారు. నాకూ అంతకన్నా ఏమీ తోచలేదు, అదే నా ఏడుపు.

మర్నాడు హాజరు తీశాను. ఆ పిల్ల పేరు దగ్గరికి వచ్చాక కాసేపు ఆగాను. తర్వాత నొక్కాను. ఐసు నీళ్ళలోంచి చెయ్యి తీసి, తడి తుడుచుకుని, ఆ మెసేజ్‌ని పిల్లే వాళ్ళమ్మకి చదివి వినిపించాలి.